ఈలబాతులు వచ్చిన ఏడు

చెరువు నిండి మరవ పారుతోందని బెంగళూరుకు ఫోన్ చేసింది నేనే. మా ఆయన జయరాం నమ్మలేదు. వీడియో తీసి పంపమన్నాడు. చినుకుల్లో కొంగు తల మీద కప్పుకుని, మరవ మీది నుంచి ఎర్రనీళ్లు దుముకుతుంటే తీసి పంపాను. ఆ వారంలోనే అపార్ట్‌మెంటులో వాచ్‌మన్ పని వదిలేసి, సంచీ భుజాన వేసుకుని వచ్చేశాడు. ఇంటికి రాకముందే కట్ట మీదికి పోయి నీళ్లు చూసుకుని వచ్చాడని ప్యాంటుకు అంటిన బురదే చెప్పింది.

మాది శింగనమల అవతల ఊరు. చెరువు కింద మాకు కాస్త మడి ఉంది. మడి అన్నది పేరుకే. నా పెళ్లయిన తర్వాత అందులో వరి పండటం నేను చూడలేదు. వాన పదును దొరికిన ఏడు శెనక్కాయ వేసేవాళ్లం. దొరకని ఏడు కంపచెట్లు మొలిచేవి. జయరాం బెంగళూరు పోయిందీ, ఉగాదికీ పీర్ల పండగకూ చుట్టంలా వచ్చి పోయిందీ ఆ మడి ఎండిపోవడం వల్లనే. ఈసారి వరి చేతికొస్తే ఇక పోనన్నాడు. రాకపోతే ఏం చేస్తాడో అతను చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే ఆ మాట నిజమవుతుందేమోనని భయం.

నీళ్ల వెనకే బాతులు వచ్చాయి. ఒక సాయంత్రం తల మీదుగా సన్నటి ఈలలు వినిపిస్తే వీధి పిల్లలు ఆడుకుంటున్నారనుకున్నాను. మా అత్త నాగలక్ష్మమ్మ వాకిట్లో కూర్చుని కొర్రలు చెరుగుతోంది. చేటలోంచి తల ఎత్తకుండానే చెప్పింది.

"ఈలబాతులు. నేను కాపురానికి వచ్చినప్పుడు ఇట్లనే వస్తాండె. చెరువు ఎండినాంక మళ్ల నా కంటికి కనపళ్లేదు."

కోడిపెట్ట కన్నా కాస్త చిన్న పిట్ట. ఒళ్లు ఇటుక రంగు, మెడ పొడుగు, ముక్కు బూడిద రంగు. పగలంతా చెరువు నడుమ జమ్ముగడ్డిలో గుంపుగా, ఎవరో ముద్దలు చేసి పెట్టినట్టు కదలకుండా ఉండేవి. పొద్దు గూకితే లేచేవి. రెక్కలు నిదానంగా ఆడిస్తూ, కాళ్లు వెనక్కి వేలాడేసుకుని, ఎగిరినంతసేపూ ఈల వేస్తూనే పోయేవి. ముందు పోయేదాన్ని వెనకది పిలుస్తున్నట్టు, వెనకదానికి ముందుది బదులిస్తున్నట్టు ఉండేది. బాతులు చెట్ల మీద వాలతాయని నాకు తెలియదు. ఇవి వాలేవి. తూము పక్కన ముసలి చింతచెట్టు ఒకటి ఉంది. దాని తొర్రలో ఒక జంట గుడ్లు పెట్టింది. ఆడదేదో మగదేదో మా అత్తకూ తెలియదు. రెండింటిదీ ఒకే రంగు, ఒకే ఎత్తు. ఒకటి తొర్రలో ఉంటే రెండోది కొమ్మ మీద కాపలా ఉండేది. బట్టలు ఉతకడానికి పోయినప్పుడల్లా పైకి చూడటం నాకు అలవాటయింది.

పిల్లలు దిగిన పొద్దున జయరాం కూడా అక్కడే ఉన్నాడు. కాలువలో పూడిక తీస్తున్నాడు. ఒక బాతు కింద నీళ్లలోకి దిగి మెల్లగా ఈల వేయసాగింది. తొర్ర అంచున ఒక పిల్ల తల బయట పెట్టింది. ఒంటి మీద నలుపూ తెలుపూ చారలు. చెట్టు ఎత్తు చూస్తే నాకే కళ్లు తిరుగుతాయి. అది దూకేసింది. దూదిపింజెలా పడి, గడ్డిలో ఒకసారి ఎగిరి, లేచి నీళ్లలోకి పరుగెత్తింది. దాని వెనక ఇంకొకటి, ఇంకొకటి. కడపటిది దూకడానికి జంకుతూ అంచునే తిరుగుతుంటే జయరాం పార మీద చేతులు ఆనించి నిలబడిపోయాడు. అది కూడా దూకాక నవ్వాడు. బెంగళూరు నుంచి వచ్చిన తర్వాత అతను నవ్వగా చూడటం అదే మొదలు.

నారు పోసి నాటమని మా అత్త చెప్పింది. నాటడానికి మనుషులు ఎక్కడున్నారని జయరాం అన్నాడు. అది నిజమే. మా ఊరి ఆడవాళ్లంతా పొద్దున్నే ఆటోల్లో దానిమ్మ తోటలకు పోతారు. మునపటిలా నడుం వంచి బురదలో దిగేవాళ్లు లేరు. అందుకని వడ్లు నానబెట్టి, గోనెసంచుల్లో మండె కట్టి, మొలక కనిపించగానే దమ్ము చేసిన మడిలో చల్లేశాడు. పక్క మడి సుంకన్నదీ అదే పద్ధతి. చల్లిన రోజు సాయంత్రం మడి గట్టు మీద ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటుంటే నేను టీ తీసుకుపోయాను. జయరాం మాటల్లో అప్పటికే వడ్లు ఇంటికి వచ్చేశాయి.

తెల్లవారి చూస్తే మడిలో ఒక మూల ఎవరో చేత్తో తుడిచినట్టు ఉంది. పలచటి బురద మీద వేళ్ల మధ్య తోలున్న పాదాల గుర్తులు. మరుసటి రోజుకు ఇంకో మూల.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. మడి చుట్టూ మెరిసే రిబ్బన్లు కట్టాం. డబ్బాలు వేలాడదీశాం. నా పాత చీర చుట్టి దిష్టిబొమ్మ నిలబెట్టాం. పొద్దు గూకితే జయరాం టార్చీ, పళ్లెం పట్టుకుని మడికి పోయేవాడు. పళ్లెం మోగిస్తే బాతులు ఈల వేసుకుంటూ లేచి, ఆ చివరికి పోయి దిగేవి. ఆ చివరికి పోతే ఈ చివర. పొద్దున ఇంటికి వచ్చేసరికి అతని కళ్లు ఎర్రబడి ఉండేవి. అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోయేవాడు. ఇంట్లో ఎవరు ఈల వేసినా, చివరికి కుక్కర్ కూసినా ఉలిక్కిపడేవాడు. సుంకన్న దగ్గర విత్తనం తెచ్చి ఖాళీల్లో మళ్లీ చల్లాడు. దాని గతీ అంతే అయ్యేట్టుంది.

"వారం దినాలు ఓర్చుకోరా" అంది మా అత్త. "మొలక జేనెడు లేసి మడిలో నీళ్లు నిలిస్తే అవి దాని జోలికి రావు. గడ్డిగింజలు, నత్తలు ఏరుకుంటాయి. మీ నాయన కూడా ఇట్లనే ఎగిరెగిరి పడ్తాండె."

"వారం దినాలకు మడిలో ఏం మిగుల్తాదిమా?"

"మిగిలిందే మిగుల్తాది."

జయరాం చెప్పులు తొడుక్కుని బయటికి పోయాడు. అతని బెంగళూరు సంచీ గోడకు వేలాడుతూనే ఉండేది. ఆ రోజుల్లో నేను ఇల్లు ఊడ్చినప్పుడల్లా దాన్ని తడిమి చూసేదాన్ని, బట్టలు సర్దాడేమోనని.

సంక్రాంతి ఇంకా రాలేదు. మంచు పడుతున్న పొద్దున ఫ్లాస్కులో టీ పోసుకుని మడికి పోయాను. గట్టు మీద జయరాం లేడు. కంపచెట్ల మూలన పార చప్పుడు వినిపించింది. దగ్గరికి పోతే గుంత తవ్వుతున్నాడు. పక్కన గోనెపట్ట మీద బాతులు ఉన్నాయి. మెడలు ఒకదాని మీద ఒకటి పడి, ముక్కుల నుంచి నురగ కారి, కొన్నింటి రెక్కలు సగం విప్పుకుని. దగ్గర నుంచి చూడటం నాకు అదే మొదటిసారి. కంటి చుట్టూ సన్నటి పసుపు గీత ఉంటుంది వాటికి.

అతనే చెప్పాడు. అన్నంలో పురుగుకు చల్లే గుళికల మందు కలిపి, పొద్దు గూకే ముందు గట్ల మీద పెట్టాడట. వాళ్ల బావమరిది ఊళ్లో ఇలాగే చేశారని సుంకన్న చెప్పాడట. ఇన్ని పడతాయనుకోలేదట. చెబుతున్నంతసేపూ నా వైపు చూడలేదు. ముందు చేతులు సబ్బుతో కడుక్కోమన్నాను.

"అన్నీ ఈడనే పడినాయా?" అని అడిగాను.

"కొన్ని లేసిపోయినాయి. చెరువులోకి." మట్టి లాగుతూ అన్నాడు. "ఎవురికీ చెప్పొద్దు గంగా. ఫారెస్టోళ్లకు తెలిస్తే కేసయితాది."

టీ ఫ్లాస్కు అక్కడే పెట్టి వచ్చేశాను. కట్ట మీదుగా ఇంటి దారి పట్టాను. చెరువులో ఆ పొద్దున ఒక్క ఈల కూడా వినపడలేదు.

కట్ట దిగితే మొదటి ఇల్లు లక్ష్మక్కది. ఆమె భర్త నాగన్న చెరువులో చేపలు పట్టి అమ్ముతాడు. లక్ష్మక్క నాకు ఈ ఊళ్లో అక్క లాంటి మనిషి. నేను కొత్తగా వచ్చినప్పుడు బోరింగు దగ్గర బిందె ఎత్తించింది ఆమే. వాళ్ల వాకిట్లో ఇటుక రంగు ఈకలు గాలికి దొర్లుతున్నాయి. లక్ష్మక్క రోటి దగ్గర మసాలా నూరుతోంది. పొయ్యి మీద దబర ఉంది. నన్ను చూసి మొహం విప్పార్చుకుని పిలిచింది. నాగన్నకు పొద్దున మంచి వేట దొరికిందట. వల వేయకుండానే, జమ్ములో లేవలేక కూర్చున్న బాతుల్ని చేత్తో పట్టుకున్నాడట. చలికి బిర్రబిగిసిపోయాయేమో అంటోంది. బతికున్నవే కోశారట. రెండు రాజేంద్ర హోటలుకు పంపించి, రెండు ఉంచుకున్నారట. కూర కాగానే నాకూ గిన్నెలో పెట్టిస్తానంది.

ఆమె మసాలా నూరుతూనే ఉంది. ఎవరికీ చెప్పవద్దన్న మాట చెవిలో ఉంది. కూర ఉడుకుతున్న వాసన ముక్కులో ఉంది.

"అక్కా, దబర దించు" అన్నాను. "అవి మా మడిలో మందు తిన్న బాతులు."

"ఏం మందే?"

"గుళికలు. మా ఆయన పెట్టినాడు."

లక్ష్మక్క చెయ్యి రోటి మీదే ఆగిపోయింది. పొయ్యి వైపు చూడలేదు ఆమె. ఇంటి వెనక వైపు చూసింది.

"కందనకాయలు, కార్జాలు నిప్పుల మీద కాల్చుకోని తిన్నాడు కదే" అంది.

నాగన్న పెరట్లో నులక మంచం మీద ఉన్నాడు. అంత చలిలో బనియన్ తడిసిపోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది, తుడుచుకోవడానికి చెయ్యి లేవడం లేదు. కడుపులో తిప్పుతోందని, కళ్లు మసకగా ఉన్నాయని చెప్పాడు. తొడ మీద కండ దానంతట అదే అదురుతోంది. లక్ష్మక్క ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. నేను పొయ్యి మీది దబర దించి, కుక్కలకూ కోళ్లకూ అందకుండా పెరట్లో గుంతలో పోసి మట్టి తోశాను. ఆ చేతులతోనే జయరాంకు ఫోన్ చేశాను.

నాగన్న పరిస్థితి చెప్పాను. రెండు బాతులు బస్టాపు దగ్గర రాజేంద్ర హోటలుకు పోయాయని చెప్పాను. "నువ్వు పో. ఆపు" అన్నాను. అవతల నుంచి ఊపిరి చప్పుడు వినపడింది. ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే స్విచాఫ్.

ఊళ్లో మిగిలిన ఒకే ఆటోలో నాగన్నను ఎక్కించాం. అనంతపురం దాకా దారిలో ఆయన రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. తర్వాత మాట్లాడటం మానేశాడు. అదే ఎక్కువ భయపెట్టింది. లక్ష్మక్క ఆయన పేరు పిలుస్తూనే ఉంది, గొడవ పడుతున్నట్టు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు.

పెద్దాసుపత్రిలో వెంటనే లోపలికి తీసుకున్నారు. డాక్టరమ్మ కంట్లో లైటు వేసి చూసి, కంటిపాపలు ఆవగింజల్లా అయిపోయాయంది. ఏం తిన్నాడని అడిగింది. చెప్పాను. గుళికలంటే సరిపోదంది.

"గుళికల్లో చాలా రకాలుంటాయమ్మా. ఇంజెక్షన్ మొదలుపెట్టాం. కానీ అందులో ఏముందో తెలిస్తేనే తర్వాతి మందు ఇవ్వాలో వద్దో తెలుస్తుంది. ప్యాకెట్ తెప్పించండి."

ప్యాకెట్ ఎక్కడుందో నాకు తెలియదు. జయరాం ఫోన్ స్విచాఫ్. ఇంటికి ఫోన్ చేస్తే మా అత్త తీసింది. కొడుకు ఇంటికి రాలేదంది. సంచీ గోడకే ఉందా అని అడగబోయి మానుకున్నాను. మడి నుంచి తిన్నగా రోడ్డెక్కితే బెంగళూరు బస్సుకు సంచీ ఎందుకు?

వరండాలో గోడకు చేరగిలబడి కూర్చున్నాం. లోపల నుంచి నర్సు వచ్చి పోతున్నప్పుడల్లా ఇద్దరం లేచి నిలబడేవాళ్లం. లక్ష్మక్క తన చేతికంటిన మసాలాను చీర కొంగుతో తుడుచుకుంటూ, అది ఎప్పుడో పోయినా తుడుచుకుంటూనే ఉంది.

"నీ మొగుడు రాడే" అంది చివరికి. కోపం లేదు ఆ గొంతులో.

నేనూ అదే అనుకుంటున్నాను.

ఎండ వరండాలోంచి జరిగిపోయాక జయరాం వచ్చాడు. మోకాళ్ల దాకా మడి బురద ఎండి బూడిద రంగులోకి తిరిగింది. ఒక చేతిలో ప్లాస్టిక్ కవరులో చుట్టిన ప్యాకెట్. రెండో చేతిలో మూతి కట్టిన గోనెసంచి. ఎడమ చెంప మీద వేళ్ల అచ్చులు తేలి ఉన్నాయి. మా దగ్గర ఆగలేదు. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి పోయి ప్యాకెట్ ఇచ్చాడు. ఆమె దాని వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదువుకుంటూ లోపలికి పోయింది.

ఆసుపత్రి పోలీసు కాగితాలు పట్టుకుని వచ్చాడు. మందు పెట్టిందెవరని అడిగాడు.

"నేనే సార్" అన్నాడు జయరాం. "జయరాం. మా నాయన పేరు తిప్పయ్య."

సుంకన్న పేరు చెప్పలేదు.

హోటలు సంగతి నాకు తర్వాత రాజేంద్రే చెప్పాడు. పొద్దుటి టిఫిన్ల జనం నిండుగా ఉన్నారట. బాతుల్ని శుభ్రం చేసి బేసిన్‌లో పెట్టారట, ముక్కలు కొట్టడమే మిగిలిందట. జయరాం చెప్పుల్లేకుండా లోపలికి వచ్చి, అవి కొయ్యద్దన్నాడట. ఎందుకంటే అందరి ముందరా చెప్పాడట. రాజేంద్ర చెంప మీద కొట్టినా చెయ్యి అడ్డం పెట్టలేదట. బేసిన్‌లోవి సంచిలో వేసుకుని, ఆసుపత్రిలో మందు పేరు అడుగుతారని రాజేంద్ర అంటే ఖాళీ ప్యాకెట్ కోసం మళ్లీ మడికి పరుగెత్తి, కంపలో వెతికాడట. అంతకు ముందే, నా మాట వినగానే పరుగెత్తినప్పుడు, అతని ఫోన్ కాలువలో పడిపోయిందట. ఇవన్నీ జయరాం ఎప్పుడూ నాతో చెప్పలేదు. నేను రాడనుకున్నానని నేనూ అతనితో చెప్పలేదు.

నాగన్న గట్టెక్కాడు. కానీ ఇంటికి వచ్చాక కూడా కాళ్లలో బలం లేదు. చెరువులోకి దిగలేకపోయాడు. ఫారెస్టు వాళ్లు వచ్చి కంపచెట్ల మూలన గుంత తవ్వించి బాతుల్ని బయటికి తీయించారు. ఊరంతా గట్టు మీద నిలబడి చూసింది. జయరాంను తీసుకుపోయారు. బెయిలు వచ్చేదాకా మా అత్త వాకిట్లోకి రాలేదు. కొడుకు ఇంటికి వచ్చాక తిట్టలేదు. నీళ్లు తోడి పెట్టి, పోసుకోరా అంది. అంతే. ఇప్పటికీ వాయిదాలకు పోయి వస్తూనే ఉన్నాడు.

ఊళ్లో మమ్మల్ని ఎవరూ మొహం మీద అనలేదు. మా వాకిట్లోకి వచ్చిన కోళ్లను మాత్రం పరుగున వచ్చి తోలుకుపోయేవాళ్లు. కిరాణా అంగడి దగ్గర నేను పోతే మాటలు ఆగేవి. సుంకన్న గట్టు మారి అవతల గట్టు మీద నడిచేవాడు.

చెరువులో బాతులు చాలామటుకు వెళ్లిపోయాయి. తూము దగ్గరి జంటలో ఒకటే మిగిలింది. మిగిలింది తల్లో తండ్రో ఇప్పటికీ నాకు తెలియదు. పిల్లలు అప్పటికి ఎగరలేవు. మునుపు ఒకటి పిల్లల దగ్గర ఉంటే రెండోది మెడ నిక్కించి గద్దల్ని కనిపెట్టేది. ఇప్పుడు రెండు పనులూ ఒకటే చేసుకోవాలి. అది తల నీళ్లలో ముంచితే ఎక్కడ గద్ద వస్తుందోనని నేను ఉతుకుతున్న బట్ట వదిలేసి ఆకాశం వైపు చూసేదాన్ని. రోజులు గడిచే కొద్దీ పిల్లల గుంపు పలచబడింది. పొద్దు గూకితే అది చింతకొమ్మ మీదికి ఎగిరి ఈల వేసేది. ఆగేది. మళ్లీ వేసేది. బదులు వచ్చేది కాదు. ఒక సాయంత్రం వెనక్కి తిరిగి చూస్తే, జయరాం కాలువలో పార పట్టుకుని నిలబడి అది వింటున్నాడు. నన్ను చూసి పని మొదలుపెట్టాడు.

మిగిలిన పిల్లలు మాఘమాసం ఎండల్లో ఎగరడం నేర్చుకున్నాయి. ఒక పొద్దున పోయి చూస్తే పెద్దదీ లేదు, పిల్లలూ లేవు. గద్ద పాలయ్యాయేమోనని జమ్మంతా వెతికాను. పోయుంటాయిలే, నీళ్లు యాడుంటే ఆడికి పోతాయి అంది మా అత్త.

మడి అప్పటికి పేనుకొరికిన తలలా ఉంది. ఒకచోట ఒత్తుగా, ఒకచోట బోడిగా. ఒత్తుగా ఉన్నచోట పీకి బోడిగా ఉన్నచోట నాటాం. పనికి పిలిచినా ఎవరూ రాలేదు. జయరాం, నేను, మా అత్త. ఆమె నడుం వంచితే మళ్లీ నిలబడటానికి గట్టు పట్టుకోవాల్సి వచ్చేది. అయినా ఇంటికి పొమ్మంటే పోలేదు. బురదలో పక్కపక్కనే వంగి నడుస్తున్నప్పుడు జయరాం ఒకసారి, తల ఎత్తకుండా, తను బెంగళూరు పోవడం లేదని చెప్పాడు. పంట వచ్చినా రాకపోయినా అన్నాడు. కేసు ఉంది కదా పోవడానికి లేదని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఉగాది దాటాక కోశాం. బస్తాల లెక్కన చెప్పుకునేంత పంట కాదు. ఇంటికి సరిపోయి కొంచెం మిగిలేంత. మిగిలింది కొనేవాళ్లు లేరు. అది మందు మడి వడ్లట. మిల్లులో మా మూట చివరికి నెట్టి, మా తర్వాత మిషను ఊడ్చుకున్నారు. ఆ మందు ఎప్పుడో నీళ్లలో కొట్టుకుపోయిందని, అందరూ వరికి వేసేదేనని జయరాం చెప్పబోతే నేనే వద్దన్నాను.

బియ్యం ఇంటికి వచ్చిన రోజు సాయంత్రం మా అత్త కొడుకును పిలిచింది.

"రేపు నాగన్నను, లక్ష్మిని అన్నానికి పిల్చుకోనిరా."

"రారుమా."

"వస్తారో రారో వాళ్లిష్టం. నువ్వు పోయి పిలువు."

పోయాడు. వాళ్ల వాకిట్లో చాలాసేపు నిలబడ్డాడని, లోపలికి రమ్మని ఎవరూ అనలేదని చెప్పాడు. వస్తామని కానీ రామని కానీ చెప్పలేదట.

మర్నాడు పొద్దున్నే పొయ్యి రాజేశాను. కొత్తన్నం వండాను. కందిబ్యాళ్ల పప్పు, ఊరుబిండి పచ్చడి చేశాను. ఎసరు పోసేటప్పుడు, ఉప్పు వేసేటప్పుడు ప్రతిసారీ డబ్బా మూత తీసి వాసన చూసుకున్నాను. ఎందుకు చూస్తున్నానో నాకే సిగ్గేసింది. ఎండ నడినెత్తికి వచ్చినా వాళ్లు రాలేదు. జయరాం వాకిట్లోకీ ఇంట్లోకీ తిరుగుతున్నాడు. మా అత్త మాత్రం పీటలు వేసి కూర్చుంది.

వాళ్లు వచ్చారు. నాగన్న చేతికర్ర ఊతంతో, లక్ష్మక్క ఆయన వెనక ఒక అడుగు దూరంలో. నాగన్న చిక్కిపోయాడు. చొక్కా భుజాల మీద వేలాడుతోంది. కర్ర గోడకు ఆనించి పీట మీద కూర్చున్నాడు. పళ్లెం పెట్టి అన్నం వడ్డించాను, పప్పు పోశాను. ఆయన చెయ్యి పెట్టబోతే లక్ష్మక్క మణికట్టు పట్టుకుంది.

"జయరామును కూచోమను" అంది నాతో. "ముందర ఆయప్ప తినల్ల."

మా అత్త కళ్లు కిందికి దించుకుంది. నేను ఇంకో పళ్లెం తెచ్చి, అదే దబరలోంచి అన్నం పెట్టాను. జయరాం గుమ్మం దగ్గర నుంచి వచ్చి నాగన్న ఎదురుగా కూర్చున్నాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. గొంతు దిగేదాకా లక్ష్మక్క చూస్తూనే ఉంది. రెండో ముద్ద కూడా తినే దాకా చూసింది. అప్పుడు చెయ్యి వదిలింది.

ఇద్దరూ తినసాగారు. బయట ఎండ, లోపల పళ్లేల మీద వేళ్ల చప్పుడు. జయరాం తల వంచుకునే తింటున్నాడు. పప్పులో పడుతున్నది చెమటో కన్నీళ్లో నేను చూడదలచుకోలేదు. మారు అన్నం అడిగింది నాగన్నే.

"ఇంగ రోంత పెట్టు మే" అన్నాడు పళ్లెం నా వైపు జరుపుతూ. "బియ్యం బాగుండాయి."

లక్ష్మక్క ఆ రోజు మా ఇంట్లో చెయ్యి తడపలేదు. తిని వచ్చానంది. అది అబద్ధమని నాకు తెలుసు. నేను బలవంతం చేయలేదు. పోయేటప్పుడు మా అత్త చేటతో కొత్త బియ్యం తెచ్చి ఆమె ముందు నిలబడింది. లక్ష్మక్క కాసేపు ఆ బియ్యం వైపు చూసింది. తర్వాత కొంగు పట్టింది.